60 కిలోల కుర్రాడికి ఫుల్ కాంటాక్ట్ మేలా, లో కిక్ మేలా?

కిక్‌బాక్సింగ్ సంఘాల ప్రపంచ సమాఖ్య వాకో నడిపే ప్రపంచ అమెచ్యూర్ చాంపియన్‌షిప్‌లో పురుషుల 60 కిలోల విభాగం అంటే ఒక్క పోటీ కాదు. రింగ్‌లో ఆడే ఫుల్ కాంటాక్ట్, లో కిక్, కె-1 మూడింటికీ ఆ బరువులో వేర్వేరుగా పతకాలుంటాయి. దేంట్లోనైనా మూడు రౌండ్లే, రౌండ్‌కు రెండు నిమిషాలే. హెడ్ గార్డ్ తప్పనిసరి. అసలు తేడా కాలు ఎక్కడ తగలొచ్చు అన్న దగ్గర మొదలవుతుంది.

ఫుల్ కాంటాక్ట్‌లో తన్నేది నడుము పైకే. పాదాల దగ్గర స్వీప్ వేయొచ్చు, అంటే పాదంతో ఎదుటివాడి పాదాన్ని ఊడ్చి పడేయొచ్చు, తొడ మీద మాత్రం కొట్టకూడదు. రౌండ్‌కు ఇన్ని కిక్‌లు వేసి తీరాలన్న నియమం కూడా ఉంది కాబట్టి చేతులతోనే నెట్టుకొద్దామంటే కుదరదు. పొడుగ్గా, సన్నగా, కాలు సులువుగా తల ఎత్తుకు లేచే కుర్రాడికి ఇది చక్కగా సరిపోతుంది. ఎదుటివాడు తొడ మీద కొడతాడన్న భయం లేదు కనుక పక్కకు తిరిగి నిలబడి, ముందుకాలితో వరసగా సైడ్ కిక్‌లు వేసి అతన్ని దూరంగా ఉంచగలడు.

లో కిక్‌లో తొడ మీద కూడా తన్నొచ్చు కాబట్టి ఆ నిలబడే తీరే కొంప ముంచుతుంది. పక్కకు తిరిగితే ముందుతొడ ఎదుటివాడికి అప్పగించినట్టే. ఈ బరువులో ఒక్క పంచ్‌తో బౌట్ ముగించేవాళ్లు తక్కువ. తొడ మీద దెబ్బలు అలా కాదు, ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. మొదటి రౌండ్‌లో మెరుపులా కదిలినవాడు మూడో రౌండ్‌కు కాలు ఈడుస్తుంటాడు. పొట్టిగా, గట్టిగా ఉండి, రెండు పంచ్‌లు వేసి వెంటనే తొడ మీద తన్నగలవాడికి ఇదే దారి. చిక్కల్లా షెడ్యూల్‌తోనే. చాంపియన్‌షిప్‌లో పతకం దాకా వెళ్లాలంటే కొద్ది రోజుల్లోనే వరసగా బౌట్లు ఆడాలి. వాచిన తొడ రాత్రికి రాత్రి తగ్గదు. అందుకే లో కిక్ ఎంచుకునేవాడు కొట్టడం కన్నా ముందు షిన్‌తో, అంటే మోకాలి కింది ముందు ఎముకతో, అడ్డుకోవడం నేర్చుకోవాలని గట్టిగా చెబుతాను. చాలా జిమ్‌లలో దానికి ఇవ్వాల్సినంత టైమ్ ఇవ్వరు, అది చూస్తే బాధేస్తుంది.

కె-1లో వీటికి తోడు మోకాలి దెబ్బలు, కాసేపు క్లించ్, అంటే ఎదుటివాణ్ని చేతులతో పట్టుకోవడం, కూడా ఉంటాయి. లో కిక్ బాగా వచ్చినవాడు అటు వెళ్లడం తేలిక. ఫుల్ కాంటాక్ట్ నుంచి వెళ్లేవాడు మాత్రం నిలబడే తీరు దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

ఫుల్ కాంటాక్ట్, లో కిక్ రెండింటిలో ఏదో ఒకటి చెప్పమంటే, మరీ పొడుగువాడు కాకపోతే లో కిక్ అనే అంటాను. అక్కడ నేర్చిన అడుగులు, అడ్డుకోవడం మిగతా రెండింటిలోనూ పనికొస్తాయి. పొడుగు కుర్రాణ్ని మాత్రం ముందు ఫుల్ కాంటాక్ట్‌లోనే దించాలి. ఆ కాళ్ల పొడవు వాడికి అక్కడ ఇచ్చేంత లాభం మరెక్కడా ఇవ్వదు.