రామేశ్వరం వ్యాన్ ప్యాకేజీ: గుడి వరకు బాగుంది, ధనుష్కోడి స్టేషన్‌కి పావుగంటే

తిరుపతి నుంచి రామేశ్వరం, ధనుష్కోడి ప్యాకేజీలో పోయొచ్చాం. ట్రావెల్స్ పేరు రాయను. ఐదుకి మూడు స్టార్లు, గుడి వరకే అయితే నాలుగున్నర ఇచ్చేదాన్ని.

బాగున్నవి ముందు చెప్పేస్తా. ఏసీ చివరిదాకా పనిచేసింది, డ్రైవరన్న రాత్రంతా నిదానంగా నడిపాడు. గుళ్లో 22 తీర్థాల స్నానానికి ముందే ఒక మనిషిని మాట్లాడి పెట్టారు, మా అత్తకి మోకాళ్ల నొప్పులు, ఆమెని బావి బావికీ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు, అందుకు దండం పెట్టాలి. తడిబట్టలతో దర్శనానికి వదలరు కాబట్టి పొడి బట్టల సంచి వ్యాన్‌లో వదిలేయకండి. సాంబారన్నం సుమారుగా ఉంది.

అసలు గొడవంతా ధనుష్కోడి దగ్గరే. కరపత్రంలో ‘పాత రైల్వే స్టేషన్ సందర్శన’ అని పెద్దక్షరాల్లో వేసుకున్నారు, నేను డబ్బు కట్టిందే దాని కోసం. తీరా చూస్తే రోడ్డు ఆగిపోయే అరిచల్‌మునై కొసన సెల్ఫీలకి గంట, గవ్వల అంగళ్ల దగ్గర అరగంట, స్టేషన్‌కి పావుగంట. ఆ పావుగంట కూడా గైడ్ దయ్యాల కథలే చెప్పాడు, రాత్రిళ్లు రైలు కూత వినబడుతుందంట. అది కాదన్నా, ఆ రైలు యాడ నుంచి వచ్చేది, యాడికి పోయేది, అది చెప్పు అంటే ‘ఏముందక్కా ఆడ, నాలుగు గోడలు’ అని నవ్వేశాడు.

ఇప్పుడు మిగిలింది గోడలే, కాదనను. కానీ 1914లో పాంబన్ వంతెన తెరిచాక సౌత్ ఇండియన్ రైల్వే కంపెనీ వాళ్లు మద్రాసు నుంచి బోట్ మెయిల్ అనే రైలుని నేరుగా ఇక్కడిదాకా నడిపారు. ఇక్కడ దిగి స్టీమర్ ఎక్కితే 35 కిలోమీటర్ల అవతల సిలోన్‌లోని (ఇప్పటి శ్రీలంక) తలైమన్నార్, అక్కడ మళ్లీ కొలంబో రైలు. అంతకుముందు సిలోన్ పోవాలంటే తూత్తుకుడి దాకా రైల్లో పోయి పడవ ఎక్కాల్సిందే. పోస్టాఫీసు, కస్టమ్స్, బడి, చర్చి అన్నీ ఆ స్టేషన్, రేవు వల్ల పెరిగిన ఊరివే. పాంబన్ దగ్గర లైను రెండుగా చీలేది, ఒకటి రామేశ్వరానికి, ఒకటి ధనుష్కోడికి, మెయిల్ బండి మాత్రం ధనుష్కోడికే. ఇంకో సంగతి, మన పాకాల, చిత్తూరు మీదుగా విల్లుపురం పోయే పాత మీటర్ గేజి లైను కూడా ఆ కంపెనీదే. అంటే చిత్తూరులో ఎక్కినవాళ్లు విల్లుపురంలో బండి మారి ఇటు రాగలిగేవాళ్లు. వ్యాన్ నిండా చిత్తూరు జిల్లా వాళ్లమే ఉన్నాం, ఈ ఒక్క ముక్క చెప్పుంటే అందరూ చెవులు రిక్కించి వినేవాళ్లు కదా!

1964 డిసెంబర్ 22 రాత్రి తుపాను వచ్చింది. పాంబన్ నుంచి బయల్దేరిన 653 నంబరు ప్యాసింజర్ ఇంకాసేపట్లో స్టేషన్ చేరుతుందనగా అల వచ్చి పెట్టెలతో సహా ఈడ్చుకుపోయింది. వందమందికి పైగా ఉన్నారు అందులో, ఒక్కరూ బతకలేదు. ఊరు ఊరే పోయింది, ఇక్కడ ఇక మనుషులు ఉండకూడదని అప్పటి మద్రాసు ప్రభుత్వం చెప్పేసింది. అదే తుపానుకి కూలిన పాంబన్ వంతెనని, తర్వాత ఢిల్లీ మెట్రోతో ‘మెట్రో మ్యాన్’గా పేరుపడ్డ ఇంజనీరు శ్రీధరన్ 46 రోజుల్లో నిలబెట్టించారు. ధనుష్కోడి లైను జోలికి మాత్రం ఎవరూ పోలేదు, రామేశ్వరమే ఆఖరి స్టేషన్ అయిపోయింది. 2019 మార్చిలో మళ్లీ లైను వేస్తామని శంకుస్థాపన చేశారు. నేను చూసినంతలో పట్టాలైతే లేవు, ఇసుకే.

ఇంత కథ ఉన్న చోట దయ్యం కథ ఎందుకో నాకైతే అర్థం కాలేదు. పోయినవాళ్లకి మర్యాద కూడా కాదు అది.

మీరు పోతే కాస్త దూరంలో ఉన్న చర్చి గోడని దగ్గరికెళ్లి చూడండి. సముద్రంలోంచి తీసిన పగడపు రాయితో కట్టారు, ఉప్పుగాలికి జల్లెడలా బొక్కలు పడింది, వేలు పెడితే పొడి రాలుతోంది (పెట్టకండి, మా పిల్లోడు పెట్టాడు, తిట్టాను). గోడ నీడలోనే ఒకావిడ గవ్వల దండలు అమ్ముకుంటోంది, ఆవిడకి వచ్చిన తెలుగు ‘ఇరవై రూపాయలు’ ఒక్కటే.

స్టేషన్ కోసమే పోయేవాళ్లకి ఈ ప్యాకేజీ దండగ. తిరుపతి నుంచి రామేశ్వరానికి పాకాల, చిత్తూరు మీదుగా రైలు ఉంది, రోజూ ఉండదు, చూసుకుని బుక్ చేసుకోండి, 2025 ఏప్రిల్‌లో తెరిచిన కొత్త పాంబన్ వంతెన మీద పోవచ్చు. రామేశ్వరంలో దిగి ఆటో మాట్లాడుకుని, వెయిటింగ్‌కి ఎంతో ముందే తేల్చుకోండి. పొద్దున్నే పోండి, ఆడ నీడ లేదు. దారిలో కోదండరాముడి గుడి ఉంది, ఆ తుపానుకి కూడా చెక్కుచెదరలేదు, మన తిరుపతి కోదండరాముడికి దండం పెట్టుకునేవాళ్లు అక్కడా ఆగండి.

గుడే ముఖ్యం, ముసలివాళ్లు ఉన్నారు అంటే మాత్రం ఈ ప్యాకేజీ తీసుకోండి, బాగా చూసుకుంటారు. డబ్బు కట్టే ముందు స్టేషన్ దగ్గర ఎంతసేపు ఆపుతారో అడిగి రసీదు వెనక రాయించుకోండి. ఇదంతా ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పాను, ‘గైడ్‌కి చెప్తాం మేడమ్’ అన్నారు, ఆ వెంటనే కాశీ ప్యాకేజీ రేటు చెప్పడం మొదలుపెట్టారు.