అజంతా గోడలోకి లక్క ఎంత దిగిందో తెలియాలంటే ఏ మైక్రోస్కోప్ మేలు?

పాత చిత్రం మీద పని అనగానే "ఎస్‌ఈఎంలో (కాంతికి బదులు ఎలక్ట్రాన్లతో చూపించే మైక్రోస్కోప్‌లో) పెట్టించారా?" అని అడిగేవాళ్లే ఎక్కువ. ఖరీదైన మిషన్ కాబట్టి అన్నీ అదే చూపిస్తుందని నమ్మకం. కానీ పొర నిండా రంధ్రాలే ఉన్నప్పుడు ముందు అడగాల్సింది ఏ మిషన్ అని కాదు, రంధ్రం కొలవాలా, లేక రంధ్రంలో ఏం ఇరుక్కుందో చూడాలా అని.

అజంతానే తీసుకోండి. అప్పట్లో ఆ గుహలు నిజాం రాజ్యంలో ఉండేవి. చిత్రాలు ఊడిపోకుండా చూడమని 1920ల మొదట్లో నిజాం ప్రభుత్వం ఇటలీ నుంచి ఇద్దరు నిపుణుల్ని రప్పించింది. వాళ్లు షెల్లాక్ పూశారు, అంటే మన ఏటికొప్పాక బొమ్మలకు నిగనిగలు తెచ్చే లక్కే. నున్నటి కొయ్య మీద అది పైపైనే నిలుస్తుంది. అజంతా గోడ సంగతి వేరు: రాతి మీద ఊక, పీచు కలిపిన మట్టి, దాని మీద పల్చటి తెల్ల పొర, ఆపైన రంగు, అన్నీ పీల్చుకునే రకమే. లక్క కాలక్రమంలో పచ్చబడి, నల్లబడి, దుమ్మును కూడా పట్టి ఉంచింది. దాన్ని తీయాలనుకునే మనిషికి అది పైన ఎంత ఉందో, లోపలికి ఎంత దిగిందో తెలియాలి.

ఇలాంటి గోడ నుంచి ఆవగింజ కన్నా చిన్న పెళ్ల దొరికిందనుకుందాం. మామూలుగా దాని చుట్టూ రెసిన్, అంటే ఆరాక గట్టిపడే జిగురు ద్రవం, పోసి, అడ్డంగా కోసి, పాలిష్ పట్టి ఆప్టికల్ మైక్రోస్కోప్ (మామూలు కాంతితో చూసేది) కింద పెడతారు. 0.2 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) కన్నా చిన్న వివరం అందులో విడిగా కనబడదు, అది కాంతికున్న హద్దు. అయితేనేం, అల్ట్రావయొలెట్ కాంతి వేస్తే శుద్ధి చేయని లక్క నారింజ రంగులో వెలుగుతుంది. ఆ నారింజ చార తెల్ల పొర దగ్గరే ఆగిందా, మట్టిలోకి పాకిందా అన్నది కళ్లకే కనిపిస్తుంది.

చిక్కల్లా రెసిన్‌తోనే. పల్చటి రెసిన్ రంధ్రాల్లోకి దూరిపోతుంది. తడిసిన సున్నపు గోడ ముదురుగా కనిపించినట్టే పొర కూడా రంగు మారి, అసలు కన్నా గట్టిగా, నిండుగా ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. పైగా చాలా ఎపాక్సీ రెసిన్లు అల్ట్రావయొలెట్‌లో తామూ నీలంగా వెలుగుతాయి. అందుకే రెసిన్ పోయకముందే పొడి పెళ్లను ఒకసారి చూసి ఫొటో తీసి పెట్టుకోవాలి. పది నిమిషాల పని, అయినా ఎక్కువమంది దాటేసేది దీన్నే.

ఇక ఎస్‌ఈఎం. కొన్ని నానోమీటర్ల (మైక్రాన్‌లో వెయ్యో వంతు) దాకా చూపిస్తుంది, సున్నపు స్ఫటికాలు, వాటి మధ్య సందులు స్పష్టంగా కనిపిస్తాయి. వెనక్కి చెదిరే ఎలక్ట్రాన్లతో చూస్తే బరువైన మూలకాలు తెల్లగా, తేలికైనవి నల్లగా పడతాయి, కాబట్టి రంగులో సీసం, ఇనుము ఎక్కడున్నాయో ఇట్టే తెలుస్తుంది. మరి లక్కో? అది కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్. రెసిన్ కూడా అంతే. రెండూ నలుపే, ఖాళీ రంధ్రమూ నలుపే. మనకు కావాల్సిన ప్రశ్నకు అంత పెద్ద మిషన్ దాదాపు గుడ్డిది. దానికితోడు ఇది కరెంటు ప్రవహించని పెళ్ల, బంగారమో కార్బనో పూత వేయాలి, ఆ పూత లోతైన రంధ్రాల్లోకి దిగదు కాబట్టి అంచుల దగ్గర చార్జ్ చేరి తెల్లగా మెరుస్తాయి. తక్కువ వాక్యూమ్‌లో నడిచే రకమైతే పూత బాధ తప్పుతుంది. ఏదైనా సరే, బంగారం పూసిన పెళ్లను మళ్లీ కాంతి కింద పెట్టి రంగు చూద్దామంటే కుదరదు. ముందు కాంతి, తర్వాత ఎలక్ట్రాన్.

కోత ఏదైనా ఒక తలమే. అందులో విడివిడి చుక్కల్లా కనిపించే రంధ్రాలు లోపల కలిసే ఉండొచ్చు, లక్క దిగింది ఆ దారులెంటే. ఆ దారి పట్టాలంటే ఎక్స్-రే మైక్రో సీటీ (ఆసుపత్రి సీటీ స్కాన్‌లాంటిదే, చిన్న వస్తువులకు) మేలు. పెళ్లను కోయక్కర్లేదు, ఊక కుళ్లిపోయి మిగిల్చిన సొరంగాలు చక్కగా బయటపడతాయి. ల్యాబ్‌లో దొరికే మిషన్ దాదాపు ఒక మైక్రాన్ దగ్గర ఆగిపోతుంది కాబట్టి తెల్ల పొరలోని సన్న రంధ్రాలు బూడిదరంగు మసకలో కలిసిపోతాయి.

గాలియం అయాన్లతో పలచగా చెక్కుతూ ఒక్కో ముక్కకీ ఫొటో తీసే ఎఫ్‌ఐబీ-ఎస్‌ఈఎం ఉంది కదా అంటారా? అది చూపేది సాధారణంగా పది ఇరవై మైక్రాన్ల దిమ్మె. అజంతా మట్టిలో ఒక్క ఊకపొట్టు దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది! నేటి గోడ పెయింట్లకైతే అదే సరైన మిషన్. వాటిలో తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడ్ రేణువు 0.2–0.3 మైక్రాన్లే ఉంటుంది, పిగ్మెంట్ (రంగు పొడి) పాళ్లు ఒక హద్దు దాటితే ఆ రేణువుల మధ్య బైండర్ (వాటిని పట్టి ఉంచే జిగురు) చాలక గాలి చేరుతుంది. ఆ హద్దుకు 1949లో ఆస్‌బెక్, వాన్ లూ అనే పెయింట్ పరిశోధకులు ఒక పేరు పెట్టారు. చవక పెయింట్ ఆరాక మరింత తెల్లగా కనబడటానికి ఆ గాలి కూడా కారణమే.

కాబట్టి అజంతా పెళ్లకు నా ఓటు అల్ట్రావయొలెట్ దీపమున్న ఆప్టికల్ మైక్రోస్కోప్‌కే. డబ్బు మిగిలితే రెండోది సీటీ, అదీ రెసిన్ పోయకముందే. ఎస్‌ఈఎం మూడోది.