ఫుట్‌బాల్ శనివారం నాడు పెన్ స్టేట్‌కి వెళ్లాల్సి వస్తే

పెన్ స్టేట్‌లో (పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో) చదివే పిల్లల్ని చూడ్డానికి ఆగస్టు చివరి నుంచి నవంబరు చివరి దాకా ఏ శనివారమైనా బయల్దేరాలనుకుంటే, హోటల్ కంటే ముందు అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ షెడ్యూల్ చూడండి. స్టేట్ కాలేజ్ అనే ఆ ఊరి జనాభా సుమారు 40,000. యూనివర్సిటీ వాళ్ల బీవర్ స్టేడియంలో పట్టే జనం 1,06,000 పైచిలుకు. ఆట ఉన్న రోజున ఆ ఒక్క స్టేడియమే ఫిలడెల్ఫియా, పిట్స్‌బర్గ్, అలెన్‌టౌన్ తర్వాత పెన్సిల్వేనియాలో నాలుగో పెద్ద ఊరవుతుంది. ఊరికి రైలు లేదు. కొండల మధ్య లోయలోకి వచ్చే నాలుగైదు రోడ్ల మీదే ఆ జనమంతా రావాలి, పోవాలి.

వీలుంటే వేరే ఊళ్లో ఆట ఉన్న వారం, లేదా ఆట లేని వారం వెళ్లండి. మాకు వీలు కాలేదు. అమ్మానాన్నల తిరుగు ప్రయాణం దగ్గరపడింది, అక్కడ చదివే మనవరాలిని, అంటే నా మేనకోడలిని, చూడకుండా కాజీపేటకి వెళ్లనని అమ్మ పట్టుబట్టింది, తర్వాత పిట్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి దర్శనం కూడా కావాలి. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి శుక్రవారం వెళ్లి ఆదివారం తిరిగి రావాలి. కాబట్టి ఆట చుట్టూ ప్లాన్ వేశాం. అది బాగా కుదిరింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ఇబ్బంది ఆట టైముతో. తేదీలు ఎన్నో నెలల ముందే తెలుస్తాయి కానీ, చాలా ఆటలకి మొదలయ్యే టైమును టీవీ ఛానెళ్లు 12 రోజుల ముందు, ఒక్కోసారి 6 రోజుల ముందు మాత్రమే ఖాయం చేస్తాయి. మధ్యాహ్నం 12, లేదా 3.30, లేదా రాత్రి 7 దాటాక. మీ రోజంతా ఈ ఒక్క అంకె మీదే ఆధారపడుతుంది. పన్నెండింటి ఆటకి పొద్దున్నే రోడ్లు నిండిపోతాయి, సాయంత్రానికి ఖాళీ అవుతాయి. రాత్రి ఆటైతే ఊరు రోజంతా కిటకిటలాడుతుంది, ముసలివాళ్లతో ఆ రోజు వద్దనే చెప్తాను. మాకు 3.30 వచ్చింది. హోటల్ ముందే బుక్ చేసుకున్నా, టైము తెలిసే దాకా మిగతాదేదీ ఖాయం చెయ్యలేదు.

బస విషయానికొస్తే, ఊళ్లోని హోటళ్లు ఆట వారాంతానికి కనీసం రెండు రాత్రులు తీసుకోవాలంటాయి, రేటు మామూలు వారానికి రెండు మూడింతలుంటుంది. ఒకచోటైతే మొత్తం ముందే కట్టమన్నారు, క్యాన్సిల్ చేస్తే ఒక్క డాలరు తిరిగి రాదన్నారు. పిల్లల్ని చూసుకోవడానికి వచ్చే తల్లిదండ్రుల దగ్గర ఇలా పిండడం నాకు న్యాయంగా అనిపించలేదు. దగ్గర్లోని బెల్‌ఫాంట్ చాలా అందమైన పాత ఊరు, విక్టోరియన్ కాలం ఇళ్లు, ఊరి మధ్య ఏటి ఒడ్డున టాలీరాండ్ పార్కు. మామూలు రోజుల్లో నేనైతే అక్కడే ఉంటాను. కానీ ఆట అయ్యాక ఐ-80 హైవే ఎక్కే కార్లు వెళ్లేదీ అటే.

మేం ఆల్టూనాలో దిగాం. ఐ-99 మీద నైరుతి దిక్కున ముప్పావు గంట దూరం. హోటల్ సాదాసీదాగా ఉంది, కానీ శుభ్రంగా ఉంది, లిఫ్టు ఉంది, గదిలో మైక్రోవేవ్ ఉంది, పొద్దున్న కాఫీ ఆరింటికే పెట్టారు. పెద్దవాళ్లకి అంతకంటే ఏం కావాలి? పైగా పిట్స్‌బర్గ్ వెళ్లే దారిలోనే ఉంది.

శనివారం పొద్దున ఏడున్నరకల్లా స్టేట్ కాలేజ్ చేరాం. స్టేడియం దగ్గరున్న పార్క్ అవెన్యూ ఎగ్జిట్ దాకా పోకుండా, ముందే దిగి నార్త్ అథర్టన్ స్ట్రీట్ మీదుగా వెళ్లాం. మేనకోడలిని ఎక్కించుకుని, యూనివర్సిటీలో ఓల్డ్ మెయిన్ భవనం ముందు పచ్చిక మీద కాసేపు తిరిగి, సింహం విగ్రహం దగ్గర ఫొటోలు దిగి, తొమ్మిదిన్నరకల్లా ఊరి బయటికొచ్చేశాం. అప్పటికే ఎదురుగా కార్ల బారు మొదలైంది. మేం వెళ్లే వైపు రోడ్డు మాత్రం ఖాళీ.

వెళ్లింది సెంటర్ హాల్ దగ్గరి పెన్స్ కేవ్‌కి. కొండ లోపల నీళ్లతో నిండిన గుహ, పడవలో కూర్చోబెట్టి లోపలంతా తిప్పి చూపిస్తారు. లోపల చల్లగా ఉంటుంది, స్వెటర్ తప్పనిసరి. పడవ దాకా మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి. అమ్మ మోకాళ్లు పట్టుకుని మెల్లగా దిగింది. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకి మాత్రం కష్టం. మధ్యాహ్నం అక్కడే పులిహోర, పెరుగన్నం తిన్నాం. ఆట రోజున ఊళ్లో హోటల్ తిండి మీద ఆశ పెట్టుకోకండి, డబ్బా కట్టుకెళ్లడమే మంచిది.

అసలు కిటుకు ఇదీ: ఆట మొదలైన గంటకి ఊళ్లోకి వెళ్లండి, ముగియడానికి ముప్పావు గంట ముందు బయటపడండి. ఆట మూడున్నర గంటల దాకా నడుస్తుంది. నాలుగున్నరకి మేం వెళ్లేసరికి పొద్దున కార్లు కదలని రోడ్డు మీద సిగ్నళ్లు ఊరికే మారుతున్నాయి. మేనకోడలి అపార్ట్‌మెంట్లోనే పార్కింగ్ ఉంది కాబట్టి ఆ టెన్షన్ లేదు. అమ్మ అక్కడే నడుం వాల్చింది. నేనూ మేనకోడలూ నాన్నని నడిపించుకుంటూ యూనివర్సిటీ వాళ్ల ఐస్‌క్రీమ్ దుకాణం, బర్కీ క్రీమరీకి వెళ్లాం. అది స్టేడియానికి వెళ్లే కర్టిన్ రోడ్డు మీదే ఉంటుంది, ఆటకి ముందు వెళ్తే లైను బయట రోడ్డు దాకా ఉంటుందట. ఆట నడుస్తుండగా కాబట్టి చప్పున దొరికింది. ఒక కోన్‌లో రెండు రుచులు కలిపి ఇవ్వరు, అది వాళ్ల పాత నియమం. మేం తింటుండగా స్టేడియం వైపు నుంచి ఒక్కసారిగా కేక లేచింది, చేతిలో కోన్‌తో నాన్న అలాగే ఆగిపోయాడు. “గోల్ కొట్టినట్టున్నారు తాతయ్యా” అంది మనవరాలు. “ఇంత కేక నేను ఏ మీటింగులోనూ వినలేదే” అన్నాడు.

అప్పుడు గమనించిన సంగతులు రెండు. స్టేడియం దగ్గరికొచ్చేకొద్దీ ఫోన్ సిగ్నల్ సరిగా అందదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవాలి. ఆట ముందూ తర్వాతా కొన్ని రోడ్లని వన్ వే చేస్తారు, మ్యాప్ ఏం చెప్పినా పోలీసు చెయ్యి చూపించిన వైపే వెళ్లాలి. ఇంకో ముఖ్యమైన మాట: ఊళ్లో ఉన్న మౌంట్ నిట్టనీ ఆస్పత్రి సరిగ్గా స్టేడియం పక్కనే. బీపీ, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లతో వెళ్తే అక్కడికి ఏ రోడ్డు తెరిచి ఉంటుందో ముందు రోజే కనుక్కోండి.

ఆట చూడ్డానికే వెళ్లేవాళ్లు పార్కింగ్ పాసు ముందే కొనుక్కోవాలి. అయ్యాక వెంటనే కారెక్కకుండా గంటన్నర అక్కడే కూర్చోవడం మేలని మేనకోడలి స్నేహితులు చెప్పారు. మేం మాత్రం ఆరుంబావుకి బయల్దేరి ఏడింటికల్లా ఆల్టూనాలో అన్నం తింటున్నాం.

ఆదివారం పొద్దున హార్స్‌షూ కర్వ్. రైలును కొండెక్కించడానికి 1854లో వేసిన పెద్ద మలుపు అది, ఇప్పటికీ గూడ్సులు నడుస్తున్నాయి. సీజన్‌లోనే తెరుస్తారు, చూసుకుని వెళ్లండి. నాన్న లోకో పైలట్‌గా రిటైరయ్యాడు. గూడ్సు తోక దగ్గర నెడుతున్న ఇంజన్లని చూసి, “అవిగో బ్యాంకర్లు! మన ఘాట్ సెక్షన్లోనూ ఇట్లనే పెడతాం” అని రెయిలింగు వదలకుండా వ్యాగన్లు లెక్కపెట్టాడు. ఈ మూడు రోజుల్లో ఆయనకి బాగా నచ్చింది ఇదే, నాకు కూడా.

అక్కణ్ణుంచి యూఎస్-22 మీద సుమారు రెండు గంటల్లో పిట్స్‌బర్గ్ గుడి. ఇది ఊరికి తూర్పున పెన్ హిల్స్‌లో ఉంది కాబట్టి డౌన్‌టౌన్ దాకా పోనక్కర్లేదు. ఆదివారం పిట్స్‌బర్గ్ ఫుట్‌బాల్ జట్టు స్టీలర్స్ ఆట ఉన్నా ఆ గొడవ నదికి అవతలి ఒడ్డున. దర్శనం ప్రశాంతంగా జరిగింది, కింద క్యాంటీన్‌లో అమ్మ తృప్తిగా తింది. గుడి దగ్గర గుట్ట ఎత్తుగా ఉంటుంది, పెద్దవాళ్లని ముందు పైన దింపి తర్వాత కారు పెట్టుకోండి.

తిరుగు ప్రయాణానికి మళ్లీ ఐ-80 వైపు పోలేదు. ఆట చూసి రాత్రి ఉండిపోయినవాళ్లంతా ఆదివారం ఆ దారిలోనే ఇళ్లకి వెళ్తారు. మన్రోవిల్ దగ్గర పెన్సిల్వేనియా టర్న్‌పైక్ అనే టోల్ రోడ్డు ఎక్కి, హారిస్‌బర్గ్ దాటి, ఐ-78 మీదుగా ఎడిసన్ చేరాం. టోల్ ఎక్కువే, కానీ న్యూజెర్సీ ఈజీపాస్ (కారులో పెట్టుకునే టోల్ ట్యాగు) అక్కడా పనిచేస్తుంది, నంబర్ ప్లేటు ఫొటో తీసి ఇంటికి పంపే బిల్లు కంటే చాలా తక్కువ పడుతుంది.