ముందు ఇనుప పెట్టె, తర్వాతే గుడారం: ఎలుగుల అడవుల్లో మా బసలు

అమెరికా జాతీయ ఉద్యానవనాల్లో గుడారం వేసుకుని ఉండాలనుకునేవారు క్యాంప్‌గ్రౌండ్ ఎంచుకునేటప్పుడు నది ఎంత దూరం, స్నానాల గది ఉందా, ఫోను పనిచేస్తుందా అని ఆరా తీస్తారు. నేను మొదట చూసేది తిండి దాచుకునే ఇనుప పెట్టె. అది ఉందా, గొళ్ళెం సరిగా పడుతోందా, పక్కవాళ్ళు తమ పెట్టె మూశారా, మూయకపోతే అడిగే రేంజర్ చీకటి పడ్డాక ఒకసారైనా తిరుగుతున్నాడా? ఇవన్నీ బాగుంటే మిగతా అసౌకర్యాలతో సర్దుకుపోవచ్చు. యోసెమిటీ, యెల్లోస్టోన్, గ్లేసియర్, అలాస్కాలోని కాట్‌మై ఉద్యానవనాల్లో వేర్వేరు వేసవుల్లో ఉండి వచ్చాక నేను బసలను ఇలాగే తూకం వేస్తున్నాను.

చాలామంది మొదట వెళ్ళేది కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయలో ఉన్న అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండ్‌కే కాబట్టి దానితోనే మొదలుపెడతాను. బసగా అది నాకు నచ్చలేదు. గుడారాలు ఒకదాని పక్కన ఒకటి కిక్కిరిసి ఉంటాయి, సాయంత్రమైతే అంతా పొగ, రాత్రి పక్కవాళ్ళ గురక కూడా వినిపిస్తుంది. భద్రతకు మాత్రం మంచి మార్కులే వేస్తాను. ప్రతి స్థలానికీ ఒక ఉక్కు పెట్టె ఉంటుంది. వెడల్పు 45 అంగుళాలు, లోతు 33, ఎత్తు 18. పెద్ద ఐసు పెట్టె తీసుకెళ్ళేవారు ఈ ఎత్తును గుర్తుంచుకోవాలి. అంతకు మించితే ఇందులో పట్టదు, చీకటి పడ్డాక కారులో ఉంచనివ్వరు, ఇక రాత్రి దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచదు. తిండి అంటే తినేవి మాత్రమే కాదు. టూత్‌పేస్టు, సబ్బు, సన్‌స్క్రీన్, పెదవులకు రాసుకునే బామ్, తాగేసిన శీతల పానీయాల డబ్బాలు, చెత్త సంచి, వాసన వచ్చేది ఏదైనా పెట్టెలోకే పోవాలి. పిల్లల సీటు సందుల్లో పడిన బిస్కెట్ ముక్కలు కూడా ఏరి తీయాల్సిందే.

ఇంత కట్టుదిట్టం ఎందుకో తెలియాలంటే 1998 సంగతి చెప్పుకోవాలి. ఆ ఒక్క ఏడాదిలో అక్కడ ఎలుగులు కార్లు, గుడారాల మీద పడిన సంఘటనలు 1,500 దాటాయి. కారు తలుపు పైఅంచులో గోళ్ళు దూర్చి, దాన్ని కిందికి వంచేసి లోపలికి దూరేవి. పెట్టెలు, రాత్రి తనిఖీలు, జరిమానాలు గట్టిపడ్డాక ఆ సంఘటనలు 90 శాతానికి పైగా తగ్గిపోయాయి. ఇప్పటికీ రేంజర్లు రాత్రి టార్చి వేసి కార్ల అద్దాల్లోంచి లోపలికి చూస్తూ పోతారు. కొందరికి ఇది చిరాకు. నాకైతే అక్కడ అందే సేవల్లో అన్నిటికంటే విలువైనది ఇదే.

ఒక రాత్రి ఎవరో గిన్నెలు బాదుతున్న చప్పుడుకు మెలకువ వచ్చింది. బయటికి చూస్తే గోధుమరంగు ఎలుగు, చెవికి బిళ్ళ. కాలిఫోర్నియాలో గ్రిజ్లీలు, అంటే పెద్ద గోధుమ ఎలుగులు, ఎప్పుడో అంతరించిపోయాయి, మిగిలినవి నల్ల ఎలుగులే. పేరుకే నల్లవి, యోసెమిటీలో ఎక్కువ భాగం గోధుమరంగులోనే కనిపిస్తాయి. అది వరుసగా పెట్టెల ముందు ఆగుతూ వచ్చింది. తలుపు అడుగు అంచున మూతి పెట్టి గట్టిగా గాలి పీల్చడం, ముందుకాలితో ఒకసారి లాగి చూడడం, రాకపోతే తర్వాతి పెట్టెకు వెళ్ళడం, ఇంతే దాని పని. ఎక్కడ ఎంతసేపు ఆగాలో దానికి తెలుసు. అందరూ ఒకచోట చేరి, దానికి పారిపోయే దారి వదిలి కేకలు వేశాక చెట్లలోకి వెళ్ళిపోయింది. క్యాంప్‌లోకి వచ్చిన నల్ల ఎలుగు విషయంలో పాటించవలసిన పద్ధతి అదే. ఫోటో కోసం నిశ్శబ్దంగా నిలబడితే మనుషుల దగ్గర తిరగడం దానికి అలవాటవుతుంది, అలవాటైన ఎలుగును చివరికి చంపేయాల్సి వస్తుంది.

గుడారం మన వల్ల కాదనుకునేవారు అదే లోయలోని కర్రీ విలేజ్‌లో కాన్వాస్ గదులు తీసుకుంటారు. మంచం, దుప్పటి ఉంటాయి, సదుపాయమే. అయితే అక్కడ భయపడాల్సింది ఎలుగుకు కాదు, ఎలుకకు. 2012లో యోసెమిటీకి వెళ్ళినవారిలో 10 మందికి హంటా వైరస్ సోకి ముగ్గురు చనిపోయారు. వారిలో ఎక్కువమంది రెండు పొరల గోడలున్న కాన్వాస్ గదుల్లో బస చేసినవారే. ఆ పొరల మధ్య ఎలుకలు గూళ్ళు పెట్టాయి. ఆ రకం గదులను తర్వాత తీసేశారు. ఏ గదిలోనైనా ఎలుక పెంటికలు కనిపిస్తే చీపురు పట్టకండి, ఆ దుమ్ము పీలిస్తేనే ప్రమాదం. సిబ్బందిని పిలవండి. క్రిమిసంహారకంతో తడిపి తుడవడం వాళ్ళకు తెలుసు.

జింకలను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. యోసెమిటీలో ఎలుగు దాడిలో ఇంతవరకు ఎవరూ చనిపోలేదు. కానీ 1977లో ఒక పసివాణ్ణి జింక పొడిచి చంపింది.

అక్కడికి దక్షిణాన సెకోయా ఉద్యానవనంలో మినరల్ కింగ్ అనే లోయ ఉంది. కార్లన్నీ కింది నుంచి పైదాకా టార్పాలిన్లు చుట్టుకుని నిలబడి ఉంటాయి. మర్మోట్ అనే బొద్దు ఉడుత జాతి జంతువు బానెట్ కిందికి దూరి గొట్టాలు, వైర్లు కొరికేస్తుందట. చూస్తే నవ్వొస్తుంది, అక్కడి నుంచి కారు లాగించుకుపోవాల్సి వస్తే మాత్రం నవ్వు రాదు.

యెల్లోస్టోన్‌లో అడుగుపెడితే లెక్క మారిపోతుంది, అక్కడ గ్రిజ్లీలు ఉన్నాయి. ఫిషింగ్ బ్రిడ్జ్ దగ్గరి క్యాంప్‌గ్రౌండ్‌లో గుడ్డ గుడారానికి అనుమతే లేదు, గట్టి గోడలున్న వాహనాలకే చోటు. కారణం గ్రిజ్లీల రాకపోకలే. మేము గుడారాలను అనుమతించే వేరే క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. యోసెమిటీతో పోలిస్తే చోటు విశాలం, శుభ్రత బాగుంది, చెత్త డబ్బాలన్నీ ఎలుగు తెరవలేనివే. తినుబండారాల పెట్టెలను మాత్రం కొన్నిచోట్ల ఇద్దరు ముగ్గురు కలిసి వాడుకోవాలి. పక్కవాళ్ళు ఆదమరిచి తెరిచి ఉంచితే మన జాగ్రత్త కూడా గంగలో కలిసినట్టే, కాబట్టి మొహమాటం లేకుండా చెప్పేయాలి.

బేర్ స్ప్రే, అంటే ఎలుగును తరిమే కారపు స్ప్రే విషయంలో ఈ రెండు ఉద్యానవనాలూ ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధం. యోసెమిటీలో అది నిషిద్ధం. యెల్లోస్టోన్‌లో అది లేకుండా కాలిబాట ఎక్కవద్దంటారు. దాన్ని విమానంలో చేతి సంచిలోనే కాదు, సామాన్లలో కూడా తీసుకెళ్ళనివ్వరు, అందుకని అక్కడికి వెళ్ళాకే కొనుక్కోవాలి లేదా అద్దెకు తీసుకోవాలి. రెండు మూడు రోజులకైతే అద్దే మేలు, పైగా ఎలా వాడాలో చూపించి మరీ ఇస్తారు. మాకు చూపించినాయన భద్రతా పిన్ను బొటనవేలితో ఎగరగొట్టడం పదేపదే చేయించాడు. డబ్బా వీపు సంచిలో కాదు, నడుముకో ఛాతీకో ఉండాలి. మీదికి వస్తున్న ఎలుగు 30 నుంచి 60 అడుగుల దూరంలో ఉన్నప్పుడు కాస్త కిందికి గురిపెట్టి కొట్టాలి, అప్పుడు కారపు మేఘం దాని ముఖానికి అడ్డుగోడలా లేస్తుంది. దోమల మందులా గుడారం మీద చల్లుకునేవాళ్ళు ఉన్నారని చెబితే నమ్మలేదు. అలా చేస్తే ఎండిన ఆ వాసనకే ఎలుగులు వస్తాయట. అలాస్కా సంఘటనలను పరిశీలించి 2008లో వెలువడిన అధ్యయనంలో, స్ప్రే వాడినప్పుడు పదింట తొమ్మిది సార్లు ఎలుగు వెనక్కి తగ్గిందని తేలింది.

ఏ ఎలుగో గుర్తించడం తెలియాలి. రంగును నమ్మకూడదు. భుజాల మీద మూపురం, లోపలికి వంగినట్టున్న ముఖం, పొట్టి గుండ్రని చెవులు ఉంటే గ్రిజ్లీ. హఠాత్తుగా ఎదురుపడి అది మీద పడితే బోర్లా పడుకుని, వీపు సంచి తీయకుండా, మెడ వెనుక చేతులు కట్టుకుని, కాళ్ళు ఎడం చేసి కదలకుండా ఉండాలి. మనవల్ల ముప్పు లేదనుకుంటే సాధారణంగా వదిలేస్తుంది. నల్ల ఎలుగైతే చచ్చినట్టు పడి ఉండకూడదు, చేతికందిన దానితో ముఖం మీద కొట్టాలి. రాత్రి గుడారంలోకి చొరబడితే ఏ ఎలుగైనా సరే తిరగబడాల్సిందే, అది తిండి కోసమే వచ్చింది కాబట్టి. ఎట్టి పరిస్థితుల్లోనూ పరుగెత్తకూడదు. గ్రిజ్లీ గంటకు సుమారు 35 మైళ్ళ వేగం అందుకుంటుంది.

ఇన్ని చెప్పినా, యెల్లోస్టోన్‌లో మనుషులను ఎక్కువగా గాయపరిచింది ఎలుగులు కావు, బైసన్లు అనే అడవిదున్నల్లాంటి జంతువులు. ఒక ఉదయం మా గుడారానికీ మరుగుదొడ్డికీ మధ్య ఒక బైసన్ తాపీగా మేస్తూ నిలబడింది. నియమం ప్రకారం దానికి 25 గజాలు, ఎలుగుకూ తోడేలుకూ 100 గజాలు ఎడంగా ఉండాలి. అది కదిలేదాకా మేం కారులోనే కూర్చున్నాం. పక్క గుడారం పెద్దాయన మాత్రం ఫోను చాచి దాని దగ్గరికి నడిచాడు. బైసన్ తోక నిటారుగా లేచింది. అది మీదికి రాబోతోందనడానికి గుర్తు. ఆ సంగతి తెలిసిన ఒకావిడ అరవబట్టి ఆయన వెనక్కి వచ్చాడు. అంతటి దేహం ఉన్నా మనకంటే మూడు రెట్ల వేగంతో పరుగెత్తగలదు.

మధ్యలో ఒక రాత్రికి ఉద్యానవనం బయట ఒక ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. వేడినీళ్ళు, వైఫై, పిల్లల ఆట స్థలం అన్నీ ఉన్నాయి. పెట్టెలు లేవు. వంట షెడ్డు వెనుక మూత లేని చెత్త డబ్బా పొంగి పొర్లుతోంది. అడిగితే ఇక్కడికి ఎలుగులు రావని కౌంటర్లో ఉన్నవారు నవ్వేశారు. గుడారం విప్పకుండానే వచ్చేశాం, కట్టిన డబ్బు తిరిగి రాలేదు.

మోంటానాలోని గ్లేసియర్ ప్రకృతి అందంలో అన్నిటికంటే ముందు నిలుస్తుంది, నా లెక్కలో బసల ఏర్పాటు కూడా అంతే పకడ్బందీ. దానికీ ఒక విషాదమే కారణం. 1967 ఆగస్టులో ఒకే రాత్రి, అదే ఉద్యానవనంలో వేర్వేరు చోట్ల ఇద్దరు యువతులను రెండు గ్రిజ్లీలు చంపాయి. ఆ చోట్లలో ఒకటైన గ్రానైట్ పార్క్ దగ్గర అప్పట్లో మిగిలిపోయిన తిండి పారబోస్తే ఎలుగులు వచ్చేవి, చూడటానికి జనమూ వచ్చేవారు. ఆ తర్వాత అక్కడా యెల్లోస్టోన్‌లోనూ ఎలుగులకు చెత్త అందకుండా చేశారు. ఇప్పుడు గ్లేసియర్ లోపలి అడవిలోని బసల్లో వండుకుని తినే చోటు వేరు, తిండి వేలాడదీసే చోటు వేరు, పడుకునే చోటు వేరు. వర్షంలో తడుస్తూ వంట దగ్గరికి నడవడం విసుగే, కానీ ఆ దూరమే మన గుడారాన్ని వాసనకు దూరంగా ఉంచుతుంది. దుకాణాల్లో అమ్మే చిరుగంటలను నమ్ముకోకండి, వాటి చప్పుడు ఎంతో దూరం పోదు. మలుపుల దగ్గర, హోరెత్తే వాగుల పక్కన గట్టిగా మాట్లాడుతూ, చప్పట్లు కొడుతూ నడవాలి. నలుగురైనా కలిసి వెళ్ళమంటారు.

అన్నిటిలో పైచేయి కాట్‌మైలోని బ్రూక్స్ క్యాంప్‌ది. రోడ్డు లేదు, నీటి మీద దిగే విమానంలో వెళ్ళాలి. దిగగానే తిన్నగా ఎలుగుల పాఠశాలకు తీసుకెళతారు. అక్కడ పాఠం వినకుండా అడుగు కదలనివ్వరు. క్యాంప్‌గ్రౌండ్ చుట్టూ విద్యుత్ కంచె, లోపల 60 మందికే చోటు. కంచె ఉంది కదా అని ధీమా పడవద్దని, అది ఎలుగును వెనక్కి తిప్పేందుకే తప్ప ఆపే గోడ కాదని వాళ్ళే చెబుతారు. తిండికి ఒక కొట్టు, వాసన లేని సామానుకు మరో కొట్టు, వంటకు వేరుగా పైకప్పున్న పందిళ్ళు. దారిలో నడుస్తూ ఒక్క బిస్కెట్ కూడా తినకూడదు. జూలైలో సాల్మన్ చేపలు నదిలో ఎదురీదే రోజుల్లో ఎలుగులే దారికి యజమానులు. అవి తప్పుకునేదాకా రేంజర్లు అందరినీ ఆపేస్తారు. 2019లో ఎత్తైన వంతెన కట్టాక ఈ నిరీక్షణ కొంత తగ్గిందట, అయినా రాత్రి భోజనానికి వెళ్ళే దారిలో మాకు ఆలస్యం తప్పలేదు. ఎవరూ సణగలేదు. ఖర్చు ఎక్కువ, చోటు దొరకడం కష్టం, దోమలు విపరీతం. అయినా నేను ఇంకెక్కడా అంత నిశ్చింతగా నిద్రపోలేదు.

చిన్న పిల్లలతో మొదటిసారి వెళ్ళేవారికి నేను యోసెమిటీనే సూచిస్తాను. రద్దీ భరించాలి, కానీ గ్రిజ్లీల బెడద లేదు, తప్పు చేస్తే దిద్దే మనుషులు పక్కనే ఉంటారు. కొంత అనుభవం వచ్చాక యెల్లోస్టోన్, ఆ తర్వాత గ్లేసియర్ లోపలి బసలు. తిరుగు ప్రయాణంలో మిగిలిన స్ప్రే డబ్బాను మామూలు చెత్తలో పడేయకండి, ఒత్తిడికి పేలితే చెత్త ఎత్తేవారి కళ్ళు మండిపోతాయి. యెల్లోస్టోన్‌లో వాడిన డబ్బాలను తీసుకునే చోట్లు ఉన్నాయి. విమానాశ్రయానికి బయలుదేరే ముందే అక్కడ ఇచ్చేయండి.