ఆరు వేల రూపాయల జాబితా: ఒక వెబ్ ఆప్షన్ల కన్సల్టెన్సీపై సమీక్ష

తెలంగాణ ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష అయిన టీజీ ఈఏపీసెట్‌లో 2025లో మా మేనకోడలికి పద్నాలుగు వేల పైచిలుకు ర్యాంకు వచ్చింది. మా బావకు హుస్నాబాద్‌లో కిరాణా కొట్టు ఉంది. ఆ ఇంట్లో గానీ మా ఇంట్లో గానీ ఇంజనీరింగ్ కళాశాల గడప తొక్కినవారు లేరు. ఏ కళాశాలలో ఏ బ్రాంచి కావాలో వరుసగా వెబ్‌సైట్‌లో నమోదు చేసే వెబ్ ఆప్షన్ల దగ్గరికి వచ్చేసరికి చుట్టాలు తలా ఒక పేరు చెప్పారు, ఇంటర్ కళాశాల వారు తమకు తెలిసిన ఒక కన్సల్టెన్సీ కార్డు చేతిలో పెట్టారు, మా బావ ఆ కార్డును నాకిచ్చి "లెక్కలు చూసేటోనివి నువ్వే, నువ్వే పొయి మాట్లాడు" అన్నాడు. అలా హైదరాబాద్‌లోని ఆ కన్సల్టెన్సీకి ఆరు వేల రూపాయలు కట్టి, సర్టిఫికెట్ల పరిశీలన మొదలుకొని తొలి విడత సీటు కేటాయింపు దాకా వారి సేవను వాడుకున్నాం. ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ రకం సేవకు డబ్బు పెట్టాలా వద్దా అని తర్జనభర్జన పడుతున్న తల్లిదండ్రులకు పేరు కంటే ఆ డబ్బుకు ఏమి దొరుకుతుందన్నదే అవసరం.

ముందు మెచ్చుకోవలసినది ఒకటి ఉంది. మేము వెంట తీసుకువెళ్లిన ఆదాయ ధ్రువీకరణ పత్రం అంతకు ముందు సంవత్సరానిది; ఫీజు రీయింబర్స్‌మెంటుకు 2025 జనవరి 1 తరువాత జారీ అయినదే చెల్లుతుందని వారు మొదటి ఐదు నిమిషాలలోనే పట్టుకున్నారు. మీసేవలో మళ్లీ దరఖాస్తు చేసి, సర్టిఫికెట్ల పరిశీలనకు మాకిచ్చిన స్లాట్ రోజుకు ఒక్క రోజు ముందు కొత్తది తెచ్చుకోగలిగాం. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, టీసీ, ప్రతిదానికీ రెండేసి జిరాక్సులు అంటూ వారు రాసిచ్చిన చీటీ చాలా ఉపయోగపడింది. ఆ పరిశీలన జరిగే హెల్ప్‌లైన్ సెంటర్‌లో మా ముందున్న వరుసలో ఇద్దరు ఇవే కాగితాల కోసం వెనుదిరిగి వెళ్లడం చూశాను. ఈ వివరాలన్నీ అధికారిక వెబ్‌సైట్‌లో ఉన్న మాట నిజమే కానీ, కంగారులో ఉన్నవాళ్లకు దగ్గరుండి చెప్పే మనిషి విలువ వేరు. ఈ ఒక్క పనికి వెయ్యి రూపాయలు తీసుకున్నా నేను మారుమాట లేకుండా ఇచ్చేవాణ్ని.

అసలు సేవ అయిన కళాశాల ఎంపిక దగ్గర కథ మారింది. కౌన్సెలర్ అడిగిన ప్రశ్నలు నాలుగు: ర్యాంకు ఎంత, కేటగిరీ ఏమిటి, లోకల్ ఏరియా ఏది, ఫోను నంబరు ఏది. ఆ నాలుగూ నన్నే అడిగారు. చదవబోయే అమ్మాయి పక్క కుర్చీలోనే కూర్చుని ఉంది. తనకు ఎలక్ట్రానిక్స్ ఇష్టమని చెప్పబోతే "ఇప్పుడంతా ఏఐనే అమ్మా, మీరు టెన్షన్ పడకండి, మేం చూసుకుంటాం" అన్నారు. పావుగంటలో బయటికి వచ్చేశాం. మూడు రోజుల తరువాత యాభై ఎనిమిది ఆప్షన్లతో, రంగురంగుల గడులతో, చివర సంతకంతో ఒక జాబితా వాట్సాప్‌లో వచ్చింది.

ఆ జాబితా ఎక్కడ పుట్టిందో కనుక్కోవడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. కౌన్సెలింగ్ ముగిసిన తరువాత ఏటా అధికారులు లాస్ట్ ర్యాంక్ స్టేట్‌మెంట్ అనే పట్టికను ఉచితంగా వెబ్‌సైట్‌లో ఉంచుతారు. ఏ కళాశాలలో, ఏ బ్రాంచిలో, ఓసీ బాలురు, ఓసీ బాలికలు, బీసీ-ఏ బాలురు అంటూ ప్రతి కేటగిరీలో చివరి సీటు ఎంత ర్యాంకుకు వచ్చిందో అందులో ఉంటుంది, చివరి గడులలో బోధన రుసుము, ఏ విశ్వవిద్యాలయానికి అనుబంధమో కూడా ఉంటాయి. మాకిచ్చిన జాబితాలోని అంకెలు ఆ పట్టికలో మా కేటగిరీ అయిన బీసీ-బీ బాలికల గడిలో ఉన్నవే, అది కూడా ఆఖరి విడత పట్టిక. ఆఖరి విడత నాటికి జేఈఈ సీట్లు వచ్చినవారు, వేరే రాష్ట్రాలకు వెళ్లినవారు వదిలిన సీట్లు కిందికి జారుతాయి కనుక, ఆ అంకెలను పట్టుకొని తొలి విడతలో ఏది వస్తుందో లెక్క వేయడం పొరపాటు. పైగా ఒక బ్రాంచిలో కొత్తగా అరవై సీట్లు పెరిగితే చివరి ర్యాంకు వేల మీద కదిలిపోతుంది. కనీసం రెండు మూడేళ్ల పట్టికలు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప ఆ కదలిక అర్థం కాదు. కన్సల్టెన్సీ వారు గోడ మీద "పదిహేనేళ్ల డేటా" అని రాసుకున్నారు. మా జాబితాలో కనిపించింది ఒక్క సంవత్సరం.

అయితే జాబితాలో ఏమున్నదన్న దానికంటే ఏ వరుసలో ఉన్నదన్నదే ముఖ్యం. కేటాయింపు చేసే సాఫ్ట్‌వేర్ అభ్యర్థులను ర్యాంకుల వరుసలో తీసుకుని, ఒక్కొక్కరు ఇచ్చిన ఆప్షన్లను పైనుంచి కిందికి చూస్తూ వెళ్లి, ఆ ర్యాంకుకు, ఆ కేటగిరీకి సీటు ఉన్న మొదటి ఆప్షన్ దగ్గర ఆగిపోతుంది. దాని కింద ఏమి రాసి ఉన్నా చూడదు. అందువల్ల దొరకడం కష్టమనిపించే కళాశాలను పైన రాసినందువల్ల పోయేది ఏమీ లేదు. తప్పకుండా దొరికే దానిని పైన రాస్తే మాత్రం అంతకంటే మంచివి కింద ఉన్నా అవి లేనట్లే. మాకిచ్చిన జాబితాలో మొదటి ఆప్షన్ ఊరి చివర ఉన్న, గత ఏడాది మా కేటగిరీలో నలభై వేలు దాటిన ర్యాంకుకు కూడా సీటు దొరికిన ఒక కళాశాల. నాకు ఈ లెక్క అప్పటికి తెలియదు. వారు ఇచ్చిన వరుసను వేదవాక్కు అనుకున్నాం.

దీన్ని బయటపెట్టింది ప్రభుత్వం పైసా తీసుకోకుండా ఇచ్చిన సదుపాయం. 2025 కౌన్సెలింగ్‌లో ఆప్షన్ల గడువు ముగిసిన తరువాత, అసలు కేటాయింపుకు ముందు, మాక్ కేటాయింపు ఒకటి చూపించి, ఆప్షన్లు మార్చుకోవడానికి రెండు రోజులు ఇచ్చారు. జూలై రెండో వారంలో ఆ ఫలితం చూసిన మా మేనకోడలు రాత్రి పదిన్నరకు ఫోను చేసి "మామా, గీ కాలేజి మొదట్ల ఎందుకున్నది? నా ర్యాంకుకు ఇంకా మంచివి వస్తయి గదా" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. లాగిన్ తెరిచి చూస్తే ఇంకో సంగతి తెలిసింది: మాకు పంపిన జాబితాలో యాభై ఎనిమిది ఆప్షన్లుంటే, వెబ్‌సైట్‌లో అరవై ఒకటి ఉన్నాయి. ఎక్కువైన మూడింటిలో రెండు మొదటి పదిలోనే ఉన్నాయి. ఎందుకని అడిగితే "సేఫ్టీ కోసం సార్" అన్నారు.

వారు మా లాగిన్‌లోకి ఎలా వెళ్లారంటే, మేమే తలుపు తీశాం. ఆప్షన్లు పెట్టే రోజు మా బావ కొట్లో కందిపప్పు తూకం వేస్తుండగా ఫోను వచ్చింది. పాస్‌వర్డు ముందే ఇచ్చి ఉన్నాం, ఓటీపీ అడిగారు, త్రాసు దించకుండానే ఆరు అంకెలూ చదివేశాడు. పాస్‌వర్డు ఎవరికీ చెప్పవద్దని అధికారులు ఏటా మొత్తుకుంటూనే ఉన్నారు. ఈ సేవలో నేను క్షమించలేనిది ఇదొక్కటే. సలహా ఇచ్చేవారు కాగితం మీద ఇవ్వాలి. మీట నొక్కే పని పిల్లలది.

బ్రాంచి విషయంలో వారి మొండితనం గురించి కొంత వివరంగా చెప్పాలి. మొదటి ఇరవై ఆప్షన్లలో పదిహేడు సీఎస్ఎం, అంటే కంప్యూటర్ సైన్సులో ఏఐ, మెషీన్ లెర్నింగ్ బ్రాంచి. "ఈ కళాశాలకు ఎన్‌బీఏ గుర్తింపు ఉంది" అని జాబితా పక్కన టిక్కు పెట్టారు. నాక్, ఎన్‌బీఏ రెండూ చదువు నాణ్యతను పరిశీలించి గుర్తింపు ఇచ్చే సంస్థలు. నాక్ గుర్తింపు కళాశాల మొత్తానికి ఇస్తారు, ఎన్‌బీఏ గుర్తింపు మాత్రం బ్రాంచి వారీగా ఇస్తారు. అదీ ఆ బ్రాంచి నుంచి కనీసం రెండు బ్యాచ్‌లు చదువు ముగించి బయటికి వచ్చిన తరువాతే. వారు మొదటి వరుసలో పెట్టిన కళాశాలలో సీఎస్ఎం 2021లో మొదలైంది, తొలి బ్యాచ్ 2025లోనే బయటికి వచ్చింది. అంటే ఆ టిక్కు సివిల్‌కో మెకానికల్‌కో వచ్చిన గుర్తింపుది తప్ప, మా అమ్మాయిని చేర్చమన్న బ్రాంచిది కానే కాదు. ఎన్‌బీఏ వెబ్‌సైట్‌లో కళాశాల పేరు వెతికితే ఏ బ్రాంచికి ఏ ఏడాది దాకా గుర్తింపు ఉందో రెండు నిమిషాలలో తెలుస్తుంది.

ప్యాకేజీల సంగతీ అంతే. కరపత్రంలో ఒక కళాశాల కింద "అత్యధిక ప్యాకేజీ 40 లక్షలు" అని ఎర్ర అక్షరాలలో ఉంది. ఆ నలభై లక్షలు ఒక్కరివి. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకింగులకు దరఖాస్తు చేసే ప్రతి కళాశాల తాను సమర్పించిన వివరాలను తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. అందులో ఎంతమంది చేరారు, ఎంతమంది నాలుగేళ్లలోనే పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఎంతమంది పై చదువులకు వెళ్లారు, మధ్యస్థ వేతనం ఎంత అన్నవి మూడేళ్లకు వరుసగా ఉంటాయి. సగం మందికి అంతకంటే తక్కువ, సగం మందికి అంతకంటే ఎక్కువ అనే ఆ మధ్యస్థ వేతనం ఆ కళాశాలలో నలభై లక్షలలో పదో వంతును కొద్దిగా దాటింది. అదేమీ చెడ్డ జీతం కాదు, కానీ ఎర్ర అక్షరాలలో వేసుకోవడానికి పనికిరాదు.

డబ్బు లెక్క వారి జాబితాలో అసలు లేనే లేదు. "రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా సార్" అని ఊరుకున్నారు. తెలంగాణలో బీసీ విద్యార్థికి పదివేల లోపు ర్యాంకు వస్తే బోధన రుసుము పూర్తిగా ప్రభుత్వం భరిస్తుంది. ఆ పైన ర్యాంకు వచ్చినవారికి సాధారణంగా గరిష్ఠంగా 35,000 రూపాయలే. జాబితాలో మూడో ఆప్షన్‌గా ఉన్న కళాశాల రుసుము ఏడాదికి 1,30,000. మిగిలిన తొంభై అయిదు వేల చొప్పున నాలుగేళ్లకు 3,80,000, దాని మీద బస్సు లేదా హాస్టలు. మా బావ ఈ మొత్తం విని కాసేపు మాట్లాడలేదు. ఈ మాట జూన్‌లో ఒకసారి, కాగితం మీద, కూడికతో సహా చెప్పి ఉంటే వారు తీసుకున్న ఆరు వేలకు న్యాయం జరిగేది.

మాక్ కేటాయింపు తరువాత మిగిలిన రెండు రోజులలో మొదటిదైన సోమవారం అమ్మాయిని వెంటబెట్టుకుని మూడు కళాశాలలకు వెళ్లాను. ఒకచోట ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఆసిలోస్కోపుల మీద వేసిన ప్లాస్టిక్ తొడుగుల మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది. పరీక్షల కాలమని ల్యాబ్ అటెండరు సర్దిచెప్పాడు కానీ, గోడ మీది టైంటేబుల్ ప్రకారం ఆ గంటలో అక్కడ ల్యాబ్ జరుగుతూ ఉండాలి. ఇంకోచోట క్యాంటీన్ దగ్గర మా అమ్మాయి ఒక సీనియర్‌ను "అక్కా, సార్లు మంచిగ చెప్తరా?" అని అడిగితే, ఆ అమ్మాయి అటూ ఇటూ చూసి, ఒకే సబ్జెక్టుకు ఒక్క సెమిస్టర్‌లో ముగ్గురు మారారని చెప్పింది. మూడో కళాశాల భవనాలు పాతవి, గేటు కూడా చిన్నదే. కానీ మేము వెళ్లేసరికి ల్యాబ్‌లో పిల్లలు నలుగురేసి ఒక బల్ల చుట్టూ నిలబడి బ్రెడ్‌బోర్డు మీద తీగలు గుచ్చుతున్నారు. మా మేనకోడలు పది నిమిషాలు కిటికీ దగ్గర నుంచి కదలలేదు. కన్సల్టెన్సీ జాబితాలో ఆ కళాశాల ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ బ్రాంచి, నలభై నాలుగో ఆప్షన్.

మంగళవారం వాళ్ల ఇంట్లో, లెక్కల నోటుబుక్కు చివరి పేజీలలో, తను సొంతంగా ముప్పై మూడు ఆప్షన్లు రాసుకుంది. మూడేళ్ల చివరి ర్యాంకులు నేను చదివాను, రుసుము వాళ్ల నాన్న చదివాడు, వరుస తనే నిర్ణయించింది. రాదేమో అనుకున్నవి ఆరు పైన పెట్టింది, ఏడోది ఆ పాత భవనాల కళాశాల. పాస్‌వర్డు మార్చి, తన చేత్తోనే నమోదు చేసింది. తొలి విడతలో ఆ ఏడోదే వచ్చింది.

ఇక తీర్పు విషయానికి వస్తే, కాగితాల పని వరకు ఈ సేవ బాగుంది, ఎంపిక వరకు పనికిరాదు, లాగిన్ తీసుకునే అలవాటు ప్రమాదకరం. ఇంట్లో కంప్యూటరు ముందు కూర్చోగలిగినవారు ఎవరూ లేకపోతే, సర్టిఫికెట్ల పరిశీలన వరకు మాట్లాడుకుని అంతటితో ఆపేయడం మేలు. ఐదుకు నేను ఇచ్చేది రెండు, ఆ రెండూ ఆదాయ ధ్రువీకరణ పత్రానివే. సగం డబ్బు వెనక్కి అడిగితే, బదులుగా మేనేజ్‌మెంట్ కోటాలో ఎవరికైనా సీటు కావాలంటే తగ్గింపు ఇస్తామన్నారు.

ఆగస్టులో వేరే పని మీద ఆ వీధిలోంచి వెళుతుంటే, వారి మెట్ల దగ్గర కొత్త ఫ్లెక్సీ కట్టి ఉంది. "మా గైడెన్స్‌తో సీట్లు సాధించిన విద్యార్థులు" అన్న వరుసలో, రెండో వరుస మధ్యలో, మా మేనకోడలి ఫొటో. తీసేయమని పైకి వెళ్లి గట్టిగా చెప్పి వచ్చాను. వారం తరువాత చూస్తే ఫొటో మీద ఇంకొకరి ఫొటో అంటించి ఉంది. కింద ర్యాంకు మాత్రం మా అమ్మాయిదే.