వెబ్ ఫారమ్స్ యూజర్ కంట్రోల్స్: పదకొండేళ్ల వాడకం తర్వాత

మైక్రోసాఫ్ట్ వారి వెబ్‌సైట్ల తయారీ సాధనం ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫారమ్స్‌లో యూజర్ కంట్రోల్స్‌ను, అంటే ఒకసారి తయారు చేసి చాలా పేజీల్లో వాడుకునే పేజీ భాగాలను, నేను పదకొండేళ్లుగా వాడుతున్నాను. ఒకచోట దిద్దితే అన్ని పేజీల్లోనూ సరవుతుందన్న సౌకర్యాన్ని మెచ్చుకోని రోజు లేదు. అయితే ఒక విషయంలో నా అసంతృప్తి నేటికీ తీరలేదు. కంట్రోల్ సగమే తయారైనప్పుడు కంపైలర్ గానీ, ప్రోగ్రామును నడిపించే రన్‌టైమ్ గానీ ఆ సంగతి చెప్పవు. అసలు కారణానికి ఎంతో దూరంలో నల్ రిఫరెన్స్ ఎక్సెప్షన్ (నల్‌ను, అంటే ఇంకా సృష్టించని వస్తువును వాడబోతే వచ్చే ఎర్రర్) రూపంలో అది బయటపడుతుంది.

మా దగ్గర తేదీల మధ్య వెతకడానికి ఒక కంట్రోల్ ఉంది: రెండు టెక్స్ట్ బాక్సులు, ఒక బటన్, అంతే. రిపోర్టు పేజీలన్నింటిలో అది ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా పనిచేసింది. ఒక కొత్త పేజీలో మాత్రం, ఎంచుకున్న రిపోర్టును బట్టి దాన్ని కోడ్ నుంచి చేర్చవలసి వచ్చింది. ఏ క్లాసునైనా సృష్టించినట్టే ‘న్యూ’ కీవర్డ్‌తో సృష్టించి, మొదటి తేదీ ప్రాపర్టీకి విలువ ఇచ్చాను. ఆ ప్రాపర్టీ లోపల టెక్స్ట్ బాక్సులో విలువ నింపే వరుస దగ్గరే ఎక్సెప్షన్ వచ్చింది. విజువల్ స్టూడియో 2017 నుంచి ఎక్సెప్షన్ విండోలో ఏది నల్ అయిందో కనబడుతుంది కనుక టెక్స్ట్ బాక్సే నల్ అని తెలిసింది, ఎందుకన్నది మాత్రం తెలియలేదు. మార్కప్‌లో (కంట్రోల్ రూపాన్ని రాసే ఫైల్లో) అది కళ్లెదుటే ఉంది, మార్కప్‌ను బట్టి విజువల్ స్టూడియో రాసే డిజైనర్ ఫైల్లో దాని ఫీల్డు ఉంది, ఐడీలో అక్షరం తేడా లేదు. డిజైనర్ ఫైలును తిరిగి తయారు చేయించాను, తాత్కాలిక ఫైళ్లు తుడిచాను, మళ్లీ బిల్డ్ చేశాను. రెండు రోజులు అలాగే గడిచాయి.

చివరకు డీబగ్గర్‌లో ఆ కంట్రోల్ మీద గెట్‌టైప్ (వస్తువు ఏ క్లాసుదో చెప్పే మెథడ్) పిలిచి చూశాను. పాత పేజీల్లో టైపు పేరు ‘ఏఎస్‌పీ’ నేమ్‌స్పేస్‌తో మొదలై ‘ఏఎస్‌సీఎక్స్’తో (యూజర్ కంట్రోల్ మార్కప్ ఫైలు ఎక్స్‌టెన్షన్) ముగుస్తోంది, కొత్త పేజీలో మాత్రం నేను రాసిన కోడ్ బిహైండ్ క్లాసు (మార్కప్‌కు తోడుగా కోడ్ ఉండే క్లాసు) పేరే ఉంది. అక్కడే చిక్కు విడిపోయింది. రన్‌టైమ్ మార్కప్ ఫైలును పార్స్ చేసి, నా క్లాసును ఇన్‌హెరిట్ చేసే మరో క్లాసును తయారు చేస్తుంది, టెక్స్ట్ బాక్సులను సృష్టించి ఫీల్డుల్లో పెట్టేది ఆ రెండో క్లాసే. ‘న్యూ’తో నేను తెచ్చుకున్నది మార్కప్ ఊసే తెలియని బేస్ క్లాసును. ఏఎస్‌సీఎక్స్ ఫైలు పాత్ ఇచ్చి, కంట్రోల్‌ను తెచ్చిపెట్టే లోడ్‌కంట్రోల్ మెథడ్‌ను పిలవగానే అంతా సరయింది. అదే మెథడ్‌కు పాత్ బదులు కోడ్ బిహైండ్ టైపును ఇస్తే మళ్లీ పాత కథే, కనుక ఆ పేరు చూసి ధీమా పడకూడదు.

ఒకచోట దిద్దితే చాలని పైన అన్న మాట, మార్కప్‌లో నేరుగా పెట్టిన కంట్రోల్స్‌కు పూర్తిగా వర్తిస్తుంది. కోడ్ నుంచి చేర్చినదాన్ని ప్రతి పోస్ట్‌బ్యాక్‌లోనూ (బటన్ నొక్కడం వంటివాటితో పేజీ తిరిగి సర్వర్‌కు వెళ్లిన ప్రతిసారీ) అదే ఐడీతో, వీలైతే మొదటి దశల్లో ఒకటైన ఇనిట్‌లోనే మళ్లీ చేర్చాలి. నేను మొదట పేజీ తొలిసారి తెరుచుకున్నప్పుడే చేర్చి, పేజీ ఫీల్డులో దాచుకున్నాను. బటన్ నొక్కితే పోస్ట్‌బ్యాక్‌లో ఆ ఫీల్డు నల్, క్లిక్ ఈవెంట్ మాయం. మార్కప్‌లో పెట్టినవాటికీ ఒక చిక్కు ఉంది: లోడ్ ఈవెంట్ ముందు పేజీకి, ఆ తర్వాతే కంట్రోల్‌కు నడుస్తుంది కనుక, కంట్రోల్ తన లోడ్‌లో నింపుకునే విలువను పేజీ తన లోడ్‌లోనే అడిగితే దొరకదు. అలాంటివాటిని నేను లోడ్ తర్వాత వచ్చే ప్రీరెండర్ దశకు మార్చుకున్నాను.

మా సైటు పాతది, దాన్ని చూసుకునేది ఇద్దరమే, తిరగరాసే తీరిక లేదు. కాబట్టి నేను యూజర్ కంట్రోల్స్‌తోనే కొనసాగుతాను, కోడ్ నుంచి చేర్చే అవసరాన్ని వీలైనంత తగ్గించుకుంటాను. ఇప్పుడే కొత్తగా మొదలుపెట్టేవారి సంగతి వేరు, ఏఎస్‌పీ డాట్ నెట్ నడిచే ప్లాట్‌ఫామ్ కొత్త రూపమైన డాట్ నెట్ కోర్‌లోనూ దాని తర్వాతి వెర్షన్లలోనూ వెబ్ ఫారమ్స్ లేనే లేవు.