పెల్టన్ చక్రమా, ప్రెషర్ ఎక్స్ఛేంజరా?

గోపాల్‌పూర్‌లో మా పిన్ని వాళ్ల బోరు నీళ్లతో పప్పు ఉడకదు, అంత ఉప్పు. బరంపురంలో మనవాళ్లు నలుగురు కలిస్తే సముద్రపు నీటి ఆర్.ఓ. (ఉప్పునీటిని ఒత్తిడితో సన్నటి పొర గుండా తోసి మంచినీళ్లు తీసే పద్ధతి) మాట వస్తుంది. వెంటనే "కరెంటు బిల్లు ఎవరు కడతారు?" అంటారు.

కరెంటు ఎక్కువగా పోయేది ఒత్తిడికే. సుమారు 60 బార్లతో (అంటే మామూలు గాలి ఒత్తిడికి 60 రెట్లతో) 100 లీటర్ల సముద్రపు నీళ్లు తోస్తే మంచినీళ్లు 40 దాకా వస్తాయి. మిగతా 60 లీటర్ల చిక్కటి ఉప్పునీరు దాదాపు అదే ఒత్తిడితో బయటికొస్తుంది. ఊరికే వదిలేస్తే సగం బిల్లు సముద్రంలో పోసినట్టే.

ఆ ఒత్తిడిని తిరిగి వాడుకునే దారుల్లో పెల్టన్ చక్రం పాత పద్ధతి. ఉప్పునీటి ధార చక్రం అంచున ఉన్న గిన్నెలను కొడితే ఇరుసు తిరిగి పంపుకు సాయపడుతుంది. మెకానిక్‌కి చూడగానే అర్థమవుతుంది. కానీ ఒత్తిడి తిరుగుడై, తిరుగుడు మళ్లీ ఒత్తిడయ్యేసరికి రెండుచోట్లా నష్టం.

ప్రెషర్ ఎక్స్ఛేంజర్‌లో ఆ మధ్య మజిలీ లేదు. గిర్రున తిరిగే సిరామిక్ డ్రమ్ము (రోటర్) లోపలి గొట్టాల్లో ఉప్పునీరే కొత్త నీటిని నేరుగా తోస్తుంది. 95 శాతానికి పైగా శక్తి తిరిగొస్తుంది. పెద్ద పంపు ఆ 40 లీటర్ల భారమే మోస్తుంది. రెండు నీళ్లూ కాస్త కలుస్తాయి, తగ్గిన ఆ కాస్త ఒత్తిడిని నింపడానికి చిన్న బూస్టర్ పంపు కావాలి. అయినా నా ఓటు దీనికే. ముందున్న వడపోత మాత్రం గట్టిగా ఉండాలి. ఆ సన్నటి సందుల్లో మన రేవు ఇసుక చేరితే రోటర్ పట్టేస్తుంది.